బల్ల మీద చెక్కిన రాత: ‘టెర్మినేటర్ 2’ ఎందుకు పాతబడలేదు

షాపింగ్ మాల్ వెనకాల, సరుకులు తీసుకెళ్లే సన్నటి కారిడార్. పదేళ్ల పిల్లాడొకడు పరిగెత్తుకుంటూ వచ్చి ఠక్కున ఆగిపోతాడు. ఎదురుగా లెదర్ జాకెట్లో కొండలాంటి మనిషి, చేతిలో గులాబీల పెట్టె. పెట్టె తెరుచుకుంటుంది. పూలు నేల మీద రాలతాయి, లోపలి నుంచి షాట్‌గన్ బయటికొస్తుంది. ఆ గులాబీలను బూటుతో తొక్కుకుంటూ అతను ముందుకు నడుస్తాడు. పిల్లాడు వెనక్కి తిరిగితే అటు నుంచి పోలీసు యూనిఫాంలో ఇంకొకతను, అతని చేతిలోనూ తుపాకీ. పారిపోవడానికి దారి లేదు. జాకెట్ మనిషి షాట్‌గన్ ఎత్తి పిల్లాడికి చెప్పేది ఒక్కటే: ‘వంగు’. తూటా పిల్లాడి తల మీదుగా వెళ్లి పోలీసుకు తగులుతుంది.

‘టెర్మినేటర్’ మొదటి భాగం 1984 అక్టోబర్లో వచ్చింది. అందులో ఈ జాకెట్ మనిషే, అంటే ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్, మనిషి రూపంలో ఉన్న యంత్రంగా, సారా కానర్ అనే అమ్మాయిని చంపడానికి భవిష్యత్తు నుంచి వచ్చి, అడ్డొచ్చినవాణ్నల్లా చంపుకుంటూ పోయాడు. ఆ ముఖాన్ని గుర్తుపెట్టుకుని 1991 జులై 3న రెండో భాగానికి వెళ్లినవాడు గులాబీల్లోంచి తుపాకీ రాగానే ఏమనుకోవాలి? పిల్లాడి పని అయిపోయిందనే. దర్శకుడు జేమ్స్ కామెరాన్ దాదాపు అరగంట పాటు ఎవడు కాపాడేవాడో ఎవడు చంపేవాడో చెప్పకుండా కథ నడిపింది ఈ ఒక్క క్షణం కోసం. తమాషా ఏంటంటే, ఇంత జాగ్రత్తగా దాచిన గుట్టును పబ్లిసిటీలో ట్రైలరే విప్పేసింది. నా సంగతి మరీ అన్యాయం. కేబుల్ టీవీలో రెండో భాగం ముందు చూసి, మొదటిది ఎప్పుడో తర్వాత చూశాను. ఆర్నాల్డ్ విలన్‌గా కనిపించడమే నాకు ట్విస్టు. అయినా ఆ కారిడార్ సీన్ ఎన్నిసార్లు చూసినా ఊపిరి బిగబట్టే చూస్తాను.

సీక్వెల్ తీయడానికి సులువైన దారి మన ఇండస్ట్రీకీ తెలుసు, హాలీవుడ్‌కీ తెలుసు. మొదటిసారి జనానికి నచ్చిందేదో దాన్నే ఇంకో రెండు గరిటెలు ఎక్కువ వడ్డించడం. కామెరాన్ కూడా ఖర్చుకు వెనకాడలేదు. మొదటి భాగం సుమారు 64 లక్షల డాలర్లతో ముగించిన చిన్న సినిమా. రెండోదానికి అయింది దాదాపు 10 కోట్ల డాలర్లు, అప్పటికి అంత ఖర్చుతో ఏ సినిమా రాలేదు. ఆ ఏడాది ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసింది కూడా ఇదే, 50 కోట్ల డాలర్లకు పైనే. కానీ ఈ అంకెలతో సినిమా ముప్పై ఏళ్లు నిలబడదు. విలియం విషర్‌తో కలిసి కామెరాన్ రాసుకున్న స్క్రిప్టులో మొదటి సినిమాలోని ముఖ్యమైన వస్తువులన్నీ మళ్లీ కనిపిస్తాయి, ప్రతిదీ తిరగేసి ఉంటుంది. అసలు పని అక్కడ జరిగింది.

మొదటి భాగంలో భవిష్యత్తు నుంచి వచ్చిన సైనికుడు కైల్ రీస్, బిత్తరపోయిన సారాకు చెయ్యి చాచి ‘బతకాలనుంటే నాతో రా’ అంటాడు. రెండో భాగంలో సారా పిచ్చాసుపత్రిలో ఉంటుంది. యంత్రాలొస్తాయి, ప్రపంచం తగలబడుతుంది అని చెప్పినందుకు డాక్టర్లు తాళం వేశారు. తప్పించుకుని లిఫ్టు దగ్గరికి చేరేసరికి తలుపులు తెరుచుకుని అందులోంచి ఆర్నాల్డ్ దిగుతాడు. అప్పటిదాకా పులిలా ఉన్న మనిషి కాళ్లు జారి కింద పడిపోతుంది, నున్నటి నేల మీద మడమలు తన్నుకుంటూ వెనక్కి పాకుతుంది, గొంతులోంచి అరుపు సరిగా రాదు. ఆమె ఏళ్ల తరబడి పీడకలల్లో చూసిన ముఖం అది. ఆ ముఖమే ఇప్పుడు చెయ్యి చాచి, కైల్ చెప్పిన మాటనే చెబుతుంది. మాట అదే, చెప్పేవాడు మారాడు. మొదటి సినిమా చూడనివాళ్లకు అది పంచ్ డైలాగు, చూసినవాళ్లకు గుండె జారిపోయే సీను.

విలన్ విషయంలోనూ ఇదే లెక్క. ఆర్నాల్డ్‌ను ఢీకొట్టాలంటే అతనికంటే పెద్ద శరీరం కావాలనుకోవడం మామూలు ఆలోచన. వీళ్లు తెచ్చింది రాబర్ట్ పాట్రిక్‌ను, సన్నగా, చురుగ్గా, బస్టాపులో పక్కన నిలబడితే రెండోసారి చూడని మనిషిని. టి-1000 అనే ఆ ద్రవలోహపు యంత్రం ఎవరినైనా పోలి రాగలదు, వచ్చిన వెంటనే వేసుకున్నది పోలీసు వేషం. ఆపదలో ఎవరి దగ్గరికి పరిగెడతామో వాళ్ల రూపమే. పాట్రిక్ నోరు తెరవకుండా ముక్కుతోనే శ్వాస తీసుకుంటూ పరిగెత్తడం సాధన చేశాడు, తుపాకీ పేల్చేటప్పుడు కన్ను ఆర్పకుండా ఉండడం నేర్చుకున్నాడు. ఇందులో గ్రాఫిక్స్ ఏమీ లేవు. ఆయాసపడని మనిషి మన వెనక పరిగెడుతుంటే ఎంత భయమో తెరమీద చూడాల్సిందే.

ఇక అందరూ తలపట్టుకునే కాలం గొడవ. దీన్ని కాస్త నిదానంగా విప్పుదాం.

2029లో స్కైనెట్ అనే కంప్యూటర్ వ్యవస్థకూ మనుషులకూ యుద్ధం. మనుషుల నాయకుడు జాన్ కానర్. ఓటమి అంచున ఉన్న స్కైనెట్, జాన్ పుట్టకముందే తల్లిని చంపేస్తే పీడ వదులుతుందని 1984కి టెర్మినేటర్‌ను పంపింది. సారాను కాపాడమని జాన్ తన మనిషి కైల్‌ను వెనకాలే పంపాడు. కైల్, సారా దగ్గరయ్యారు, వాళ్లకు పుట్టినవాడే జాన్, రెండో భాగంలో ఆ కారిడార్లో ఇరుక్కున్న పిల్లాడు. అంటే స్కైనెట్ హంతకుణ్ని పంపకపోయి ఉంటే కైల్ వచ్చేవాడే కాదు, జాన్ పుట్టేవాడే కాదు. కంసుడి కథ వింటూ పెరిగినవాళ్లకు ఈ వరస కొత్తగా అనిపించదు. చావు తప్పించుకోవడానికి చేసే ప్రతి పనీ చావును దగ్గరికి లాక్కొస్తుంది. మొదటి భాగం చివర పెట్రోల్ బంకు దగ్గర ఒక కుర్రాడు సారాకు ఫొటో తీస్తాడు. భవిష్యత్తులో కైల్ జేబులో పెట్టుకు తిరిగిన ఫొటో అదే. గుండ్రంగా తిరిగొచ్చి మొదలు, చివర కలిసిపోయాయి. అక్కడ ఎవరూ ఏదీ మార్చలేరు. జరగాల్సిందే జరిగింది.

రెండో భాగం మొదలయ్యేది ఆ గుండ్రంలోని ఇంకో ముక్కతో. 1984లో నుజ్జునుజ్జయిన టెర్మినేటర్‌ది ఒక చెయ్యి, పగిలిన చిప్పు సైబర్‌డైన్ అనే కంపెనీ చేతికి చిక్కాయి. ఆ చిప్పు పనిచెయ్యదు, కానీ దాన్ని చూసి ఇంజనీర్ మైల్స్ డైసన్‌కు కొత్త ఆలోచనలొచ్చాయి. ఆ ఆలోచనలే పెరిగి స్కైనెట్ అవుతాయి. 1997 ఆగస్టు 29న స్కైనెట్‌కు సొంత తెలివి వస్తుంది, కంగారుపడి మనుషులు స్విచ్ తీయబోతారు, అది అణుక్షిపణులు వదులుతుంది, 300 కోట్ల మంది పోతారు. ఇప్పుడు చెప్పండి, ఆ చిప్పును కనిపెట్టింది ఎవరు? డైసన్ చూసి నేర్చుకున్నాడు. అతను చూసిన చిప్పు స్కైనెట్ చేసింది. స్కైనెట్ డైసన్ పనిలోంచి వచ్చింది. చెట్టు ముందా విత్తు ముందా అంటే కనీసం రెండూ పొలంలో కనిపిస్తాయి. ఇక్కడ ఆ తెలివి ఎక్కడా మొలకెత్తకుండానే కాపుకొచ్చింది.

చాలామంది ఎత్తి చూపే లొసుగు దీని తర్వాతది. సారా బృందం సైబర్‌డైన్‌ను పేల్చేసి, చిప్పును కరిగించేస్తే స్కైనెట్ పుట్టదు. స్కైనెట్ లేకపోతే కైల్ రాడు. మరి పిల్లాడు ఎదురుగా ఎలా నిలబడి ఉన్నాడు? దీనికి రెండే రకాల సమాధానాలున్నాయి. కాలం ఒకే గీత, అందులో అన్నీ ముందే రాసి ఉన్నాయి అనుకుంటే మొదటి భాగం అతికినట్టు సరిపోతుంది, కానీ రెండో భాగంలో వాళ్లు చేసేదంతా వృథా ప్రయాస. అలా కాకుండా కాలం ధవళేశ్వరం దాటిన గోదావరిలా పాయలుగా చీలుతుంది అనుకుంటే, కైల్ వచ్చిన పాయ వేరు, ఇప్పుడు వీళ్లు తవ్వుతున్న పాయ వేరు. అప్పుడు జాన్ ఉండడంలో వింతేమీ లేదు. మొదటి సినిమా మొదటి సూత్రం మీద నడిచింది, రెండోది రెండో సూత్రాన్ని పట్టుకుంది. దీన్ని తప్పు అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఒక సినిమా తన ముందరి సినిమాతో పోట్లాటకు దిగినట్టు కనిపిస్తుంది. అది ‘రాసిపెట్టి ఉంది’ అంటే ఇది ‘ఎవడు రాశాడు?’ అని అడుగుతోంది.

ఆ పోట్లాట డైలాగుల్లో కంటే ఒక చెక్క బల్ల మీద బాగా కనిపిస్తుంది. ఎడారిలో కూర్చున్న సారా కలతనిద్రలో అణుబాంబు కల కంటుంది. పిల్లలాడుకునే పార్కు, ఇనప కంచె పట్టుకుని ఆమె అరుస్తుంటుంది, అవతలివాళ్లకు ఒక్క మాట వినపడదు, తర్వాత తెల్లటి వెలుగు. ఉలిక్కిపడి లేచేసరికి ఆమె కత్తి మొన కింద బల్ల మీద రెండు ముక్కలు చెక్కి ఉన్నాయి: తలరాత లేదు. తలరాతను కాదనడానికి ఆమె కూడా రాతనే వాడింది, కాకపోతే నుదుటి మీద కాకుండా బల్ల మీద. ఇంగ్లీషులో ఆ రెండు ముక్కలకు ఈ విరుపు లేదు, తెలుగులో దానంతటదే వచ్చి కూర్చుంది.

కత్తిని బల్లలో గుచ్చేసి ఆమె నేరుగా డైసన్ ఇంటికి వెళుతుంది, అతన్ని చంపడానికి. సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన పది నిమిషాలు ఇవే. డైసన్ రాత్రిపూట ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేస్తుంటాడు. ఇంటికొచ్చినా ఆఫీసు వదలని సాఫ్ట్‌వేర్ మనుషులు మన ఇళ్లలో ఎంతమంది లేరు? అతను రాక్షసుడేం కాదు. భార్యాబిడ్డలున్న, పనంటే పిచ్చి ఉన్న మంచివాడు. అతని వీపు మీద లేజర్ చుక్క కదులుతుంది. కొడుకు బొమ్మ కారు కాలికి తగిలి అతను వంగడంతో మొదటి తూటా తప్పుతుంది. తర్వాత సారా లోపలికి నడుస్తుంది. ఆ నడక చూడండి. నల్ల దుస్తులు, ముఖంలో ఏ భావమూ లేదు, తుపాకీ ఖాళీ అయితే ఇంకోటి తీస్తుంది. 1984లో తన ఇంటికొచ్చిన యంత్రం ఎలా నడిచిందో అచ్చం అలా నడుస్తుంది. ఇంకా చెయ్యని నేరానికి ఒక మనిషిని చంపబోతోంది, తన విషయంలో స్కైనెట్ చేసింది కూడా అదే కదా. డైసన్ చిన్న కొడుకు వచ్చి తండ్రి మీద పడి నాన్నను ఏమీ చెయ్యొద్దంటాడు. తుపాకీ వణుకుతుంది. ఆమె గోడకు ఆనుకుని కూలబడుతుంది.

అదే సమయంలో అసలు యంత్రం ఏం నేర్చుకుంటోంది? ఎవరినీ చంపనని పిల్లాడికి ప్రమాణం చేసింది, అందుకని మోకాళ్ల కింద కాలుస్తుంది. సైబర్‌డైన్ బిల్డింగు కిటికీలోంచి మినీగన్‌తో పోలీసు కార్లన్నీ జల్లెడ చేసి, చివరికి దాని కళ్లలో ఒక లెక్క పడుతుంది: పోయిన మనుషులు 0.0. ఆ పాయింట్ తర్వాతి సున్నా దగ్గర నేనెప్పుడూ నవ్వాపుకోలేను. సున్నా పాయింట్ ఐదు మంది పోవడం అంటే ఏంటో? ఆడది యంత్రమయ్యే దారిలో ఉంటే యంత్రం మనిషి దారి పడుతోంది, ఇద్దరి మధ్యా పిల్లాడు. సినిమా బరువంతా ఆ మూడు కాళ్ల పీట మీదే ఉంది.

గ్రాఫిక్స్ గురించి చెప్పకుండా ఈ సినిమా గురించి రాయలేం, కానీ అందరూ అనుకునేంత గ్రాఫిక్స్ ఇందులో లేవు. 137 నిమిషాల నిడివిలో కంప్యూటర్‌తో చేసింది మొత్తం కలిపినా ఐదు నిమిషాల ప్రాంతం. ద్రవలోహపు శత్రువు ఆలోచన కామెరాన్‌కు మొదటి భాగం నాడే ఉంది, చేసే దారి లేక పక్కన పెట్టాడు. 1989లో తీసిన సముద్రగర్భపు సినిమాలో నీటితో చేసిన ఆకారం ఒకటి ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ చేసి చూపించాక ధైర్యం వచ్చింది. డెనిస్ మ్యూరెన్ నాయకత్వంలో అదే సంస్థ టి-1000ను చేసింది. పాట్రిక్ ఒంటి మీద నల్ల గళ్లు గీసి, నడిపించి షూట్ చేసి, ఆ నడకను కంప్యూటర్ బొమ్మకు ఎక్కించారు. అది ఇవాళ్టికీ ఎబ్బెట్టుగా లేకపోవడానికి కారణం సరుకు ఎంపిక. అప్పటి కంప్యూటర్లకు చర్మం, జుట్టు చెయ్యడం తలకు మించిన పని. నున్నగా మెరుస్తూ చుట్టూ ఉన్నవి ప్రతిబింబించే లోహం మాత్రం బాగా వచ్చేది. చేతిలో ఉన్న ఉలికి ఏ రాయి లొంగుతుందో చూసుకుని ఆ రాయితోనే విలన్‌ను చెక్కారు.

మిగతాదంతా చేతిపని, మోసం. తూటా తగలగానే ఛాతీ మీద వెండి పువ్వులా విచ్చుకునే గాయాలు స్టాన్ విన్‌స్టన్ బృందం చేసినవి, చొక్కా కింద స్ప్రింగుతో తెరుచుకునేవి. ఇంకా ముచ్చటైన మోసం కవలలది. ఆసుపత్రి గార్డు మిషన్‌లో కాఫీ పట్టుకుని, కప్పు మీద ముద్రించిన పేకముక్కలు చూసి మంచి ఆట పడిందని మురిసిపోతుంటాడు. వెనక గళ్ల నేలలోంచి లోహం పైకి లేచి అతని రూపమే తెచ్చుకుంటుంది. తిరిగి చూస్తే ఎదురుగా తనే. ఆ పాత్ర చేసింది డాన్, డ్యాన్ స్టాంటన్ అనే కవల సోదరులు. క్లైమాక్స్‌లో టి-1000 సారా వేషం వేసినప్పుడు పక్కన నిలబడింది లిండా హామిల్టన్ కవల సోదరి లెస్లీ. మన దగ్గర ఒకే హీరోని ఇద్దరుగా చూపించడానికి కెమెరామెన్ తంటాలు పడితే, వీళ్లు ఇద్దరిని తీసుకొచ్చి ఒకరిగా చూపించారు.

శబ్దం సంగతీ ఇంతే. ఆసుపత్రిలో టి-1000 ఇనప కమ్మీల్లోంచి జారి ఇవతలికి వస్తుంది. ముఖం, భుజాలు జిగురులా సాగి దాటిపోతాయి. చివర్లో ‘టక్’మని చెయ్యి ఆగిపోతుంది, ఎందుకంటే చేతిలో తుపాకీ అడ్డంగా ఉంది, అది కరగదు కదా! మణికట్టు తిప్పి తుపాకీని నిలువుగా చేసుకుని ముందుకు వెళుతుంది. గ్రాఫిక్స్ గొప్పగా ఉన్నచోట ఆ ‘టక్’ పెట్టాలని తోచినవాడికి దండం పెట్టాలి. కమ్మీలు దాటే ఆ జిగట శబ్దం ఏమిటంటే, డబ్బాలోంచి కుక్కల తిండి మెల్లగా జారుతున్న చప్పుడు. సౌండ్ డిజైనర్ గ్యారీ రిడ్‌స్ట్రామ్ రికార్డు చేసింది అదే. ఆస్కార్ నాలుగొచ్చాయి: సౌండ్‌కు, సౌండ్ ఎఫెక్ట్స్‌కు, మేకప్‌కు, విజువల్ ఎఫెక్ట్స్‌కు. బ్రాడ్ ఫీడెల్ సంగీతంలో గుండెల మీద కొట్టినట్టుండే ఆ లోహపు దెబ్బ కూడా ఇనప పెనం మీద కొట్టిందే.

ఇది అమెరికాలో విడుదలైన 15 రోజులకే, 1991 జులై 18న తెలుగులో ‘ఆదిత్య 369’ వచ్చింది. రెండు టైమ్ ట్రావెల్ కథలు ఒకే నెలలో తెరకెక్కాయి. ఇక నేరుగా తగిలే బంధుత్వం ‘రోబో’తో. విన్‌స్టన్ పోయాక ఆయన దగ్గర పనిచేసినవాళ్లు పెట్టిన లెగసీ ఎఫెక్ట్స్ సంస్థే 2010లో చిట్టి యంత్రపు బొమ్మలు చేసింది.

చివరి సీన్లు కాలిఫోర్నియాలోని ఫొంటానాలో మూతబడిన ఉక్కు కర్మాగారంలో తీశారు. కరిగిన ఇనుములా సలసల కాగుతున్నట్టు కనిపించేది ఉత్తుత్తిదే. శత్రువు పోయాక, తన తలలో కూడా ఒక చిప్పుందని యంత్రం గుర్తుచేస్తుంది. అది మిగిలితే మళ్లీ ఇంకో డైసన్ దొరుకుతాడు. తనను తాను నాశనం చేసుకునే వీలు దానికి లేదు, కాబట్టి స్విచ్ సారా నొక్కాలి. పదకొండేళ్లుగా ఆ ముఖాన్ని చంపాలని బతికిన మనిషి ముందు దానితో చేయి కలుపుతుంది, తర్వాత నొక్కుతుంది. కొలిమిలో అంతా మునిగాక బొటనవేలు ఒక్కటి పైకి లేచి ఉంటుంది. కొందరికి అది అతిగా అనిపిస్తుంది. నాకు ఇంకా పనిచేస్తూనే ఉంది, వాదించను.

కథ అక్కడ నిజంగా అయిపోయింది. తర్వాత 2003, 2009, 2015, 2019లలో వచ్చిన నాలుగు సినిమాల అసలు కష్టం ఇదే. ప్రతి ఒక్కటీ ముందు ఈ ముగింపును చెరిపేస్తేనే మొదలవ్వాలి. సారా బల్ల మీద చెక్కింది అబద్ధమని చెప్పి టికెట్ అమ్మడం ఎంత కష్టమో వసూళ్లలో తెలిసింది. 1991 నాటిది మాత్రం 2023లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేరింది.

ఈ ముగింపు కూడా మొదట ఇలా లేదు. ముసలి సారా 2029లో వాషింగ్టన్ పార్కులో కూర్చుని ఉంటుంది, జాన్ సెనేటర్ అయ్యాడు, మనవరాలు ఆడుకుంటోంది. షూట్ చేశారు, కొందరు ప్రేక్షకులకు ముందుగా వేసి చూపించారు, అతకలేదని తీసేశారు. దాని బదులు రాత్రివేళ హెడ్‌లైట్ల వెలుగులో పరుగెత్తే రోడ్డు, సారా గొంతు. ముందేముందో కనిపించని రోడ్డు. పాత ముగింపు ఇప్పుడు డిస్కుల్లో దొరుకుతుంది. అందులో సారా నింపాదిగా చెబుతుంది: 1997 ఆగస్టు 29 వచ్చింది, పోయింది, పెద్దగా ఏమీ జరగలేదు, మైకేల్ జాక్సన్‌కు నలభై నిండాయి అని. జాక్సన్ పుట్టింది 1958 ఆగస్టు 29న. ఆ రోజుకు నిండింది 39.